ఉప్పు వేయని డ్రెస్సింగ్

"ఉప్పు గిన్నె యాడ పెట్టినావు?"

"లోపల పెట్టినాను డాడీ."

"లోపలంటే యాడ?"

"లోపలంటే లోపలే. ఇంగ అది బల్ల మీదికి రాదు."

నెల్సన్ చేతిలోని ఫోర్కును పళ్ళెం అంచున ఆనించాడు. పళ్ళెంలో ఉడికించిన బీన్సు, క్యారెట్టు, పలుచగా తరిగిన కీరదోస ముక్కలు ఉన్నాయి. వాటి మీద కూతురు ఎవాంజలిన్ పోసిన తెల్లటి డ్రెస్సింగ్ నిదానంగా కిందికి జారుతోంది.

"మీ అమ్మ పెట్టిన చోటు అది. మీ అమ్మ పోయినాక కూడా ఆ గిన్నె ఆడనే ఉండాది. నువ్వు కదిలిస్తావా?"

"కదిలించమనింది డాక్టరు. నేను కాదు."

"డాక్టరుకేం తెలుసు? ఆయన ఎప్పుడన్నా మైన్‌లోకి దిగినాడా?"

"మైన్ మూసేసి ఎన్నేండ్లయింది డాడీ?"

"మైన్ మూసినారు. నేనింకా మూతపడలేదు కదమ్మా."

నెల్సన్ ఒక బీన్సు ముక్క నోట్లో వేసుకొని ముఖం చిట్లించాడు.

"పుల్లగా ఉండాది. గొడ్డు కూడా ముట్టదు దీన్ని."

కుర్చీ వెనక్కి నెట్టి వరండాలోకి వెళ్ళిపోయాడు. నడుస్తుంటే చెప్పుల పట్టీలు ఉబ్బిన పాదాల మీద లోతుగా దిగి ఉన్నాయి. ఎవాంజలిన్ ఆ పట్టీలనే చూసింది. ఆ ఇంట్లో గొడవ నిజానికి వాటి గురించే. ఉప్పు గిన్నె పైకి కనిపించే పేరు.

గుండె బలహీనపడిందనీ, కాళ్ళకు నీరు చేరుతోందనీ, బరువు తగ్గాలనీ డాక్టరు చెప్పి నెల దాటింది. ఉప్పు దాదాపు మానెయ్యాలి. నూనె, చక్కెర బాగా తగ్గించాలి. కూరగాయలు ఎక్కువ తినాలి. చెప్పడానికి సులువే. బంగారు గనుల పక్కన ఆండర్సన్‌పేటలో ఆ ఇంటి భోజనాల బల్ల దగ్గర కూర్చున్న మనిషి చేత తినిపించడమే కష్టం.

నెల్సన్ దృష్టిలో సలాడ్ అంటే ఒకటే. ఆదివారం చర్చి నుంచి రాగానే భార్య క్యాథరిన్ కలిపేది. డబ్బా మిల్క్‌మెయిడ్, వెనిగరు, ఆవాల పొడి, చివర్లో ధారాళంగా ఉప్పు. ముక్కలు అందులో మునిగిపోయేవి. డాక్టరు మాట విన్నాక ఎవాంజలిన్ దాన్ని మానేసి, బెంగళూరులో పెద్ద దుకాణం నుంచి 'లో ఫ్యాట్' అని రాసిన సీసా తెచ్చింది. ఇంటికి వచ్చి కళ్ళజోడు పెట్టుకొని వెనక అక్షరాలు చదివింది. నూనె తగ్గించిన మాట నిజమే. ఆ తగ్గించిన రుచికి బదులుగా చక్కెర, ఉప్పు నింపారు. సీసా మూత తీయకుండానే పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది.

ఆ తర్వాత తానే మొదలుపెట్టింది. పెరుగును గుడ్డలో కట్టి నీరు వార్చి, నిమ్మరసం, ఆవాల ముద్ద, కొత్తిమీర కలిపితే చిక్కటి డ్రెస్సింగ్ అవుతుంది. చెంచాడు నూనె కూడా అక్కర్లేదు. స్కూల్లో సైన్సు చెప్పే మనిషి కాబట్టి లెక్క బాగానే కుదిరింది. రుచే కుదరలేదు.

తప్పు పెరుగుదని ఆమె నిశ్చయించుకుంది. పళ్ళెం మీద మూత పెట్టి, మిగిలిన పెరుగు ముద్ద గిన్నెతో చేత్తో పట్టుకొని బజారుకు బయలుదేరింది.

*

బస్సులు ఆగే మూల మీద ఆ పాల అంగడి కొత్తగా పెట్టారు. బూదికోట నుంచి ఒక యువకుడు మోటారు సైకిలు మీద క్యాన్లు కట్టుకొని వస్తాడు. పేరు పురుషోత్తమ్. కోలారులో డిగ్రీ చదివి, కొన్నాళ్ళు బెంగళూరులో ఆఫీసులో పనిచేసి, తండ్రి పోయాక ఆవుల దగ్గరికి తిరిగి వచ్చాడు. ఈ సంగతులేవీ అప్పటికి ఎవాంజలిన్‌కు తెలియవు.

"ఇది పెరుగేనా?" అని గిన్నె అతని ముందు పెట్టింది.

అతను వంగి చూశాడు. "మా అంగట్లో ఇచ్చింది పెరుగే మేడమ్. ఇదేందో నాకు తెలీదు. జున్నా?"

"మీ పెరుగే. గుడ్డలో కట్టి నీళ్ళు వార్చినాను. నోట్లో పెట్టుకోలేకుండా పులిసింది."

"ఎప్పుడు కట్టినారు?"

"నిన్న సాయంత్రం."

"యాడ?"

"వంటింటి కిటికీకి."

"ఏప్రిల్ నెల్లో నిన్నట్నించి కిటికీకి కట్టేస్తే మనిషైనా పులుస్తాడు మేడమ్. పెరుగెంత?"

ఎవాంజలిన్ పెదవులు బిగించింది. "నేను నవ్వడానికి రాలేదు."

"నేనూ నవ్వలేదు. మీ పెదివే కొంచెం కదిలింది."

"డబ్బిచ్చి కొన్న పెరుగు గురించి మాట్లాడమంటే పెదవుల గురించి మాట్లాడతారేంది?"

అతను తగ్గాడు. "తప్పే మేడమ్. ఇంతకీ నీళ్ళు వార్చి ఏం చేస్తారు?"

"కూరగాయల మీద పోసే డ్రెస్సింగ్. నూనె ఉండకూడదు. చక్కెర ఉండకూడదు. ఉప్పు అసలే ఉండకూడదు."

"అన్నీ తీసేస్తే ఇంగేముంటాది మేడమ్?"

"మీ పెరుగుంటాది. అందుకే అది బాగుండాల."

పురుషోత్తమ్ గిన్నెలో వేలు ముంచి రుచి చూశాడు. "ఎవరికి?" అని అడిగాడు.

"మా డాడీకి."

ఆ గొంతులో ఏదో విని అతను ఇంక హాస్యమాడలేదు. వేరే పెరుగు ఇచ్చి, "ఇది కడితే చల్లని చోట కట్టండి. నీళ్ళ కుండ పక్కన," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి బల్ల మీద మూత పక్కన ఉంది. పళ్ళెం ఖాళీగా ఉంది. ఒక్క ముక్క మిగల్లేదు.

నెల్సన్ వరండాలోంచే అడిగాడు. "దొంగతనంగా ఉప్పు ఏసినావు కదా?"

"లేదు డాడీ."

"యెయ్యకుండానేనా?"

"యెయ్యకుండానే."

"మొదట కోపమొచ్చింది," అన్నాడు తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. "ఇంగొక ముక్క తింటే సరిపోయింది."

పులుపు ఉప్పు లోటును కప్పేసిందని ఎవాంజలిన్‌కు అప్పుడు అర్థమైంది. తాను తప్పు అనుకొని మోసుకెళ్ళినదే మందు. కొత్తగా తెచ్చిన తియ్యటి పెరుగు వైపు చూసి తల కొట్టుకుంది.

మర్నాడు చర్చి నుంచి వస్తూ అంగడి ముందు ఆగింది. ఎలా అడగాలో తెలియక కొంచెంసేపు క్యాన్ల వైపు చూసింది.

"చెప్పండి మేడమ్. ఈ పొద్దు ఏం తప్పు?"

"నిన్నటి మాదిరి... పులిసిన పెరుగు ఉండాదా?"

పురుషోత్తమ్ గరిటె కింద పెట్టాడు. "పులిసిందని నిన్న కొట్లాడినారు."

"నిన్న నిన్నే."

"అంగట్లో పులిసింది అమ్మను మేడమ్. పేరు చెడిపోతుంది. మీకోసం పులియబెట్టాల్సిందే. ఎంత పులుపు కావాలో రోజూ వచ్చి చెప్పి పోవాల."

"రోజూనా?"

"పులుపు రోజూ మారుతుంది కదా."

ఈసారి ఆమె పెదవి కదిలిన మాట ఆమెకు కూడా తెలిసింది.

*

మాటలు అలా పెరుగుతో మొదలై కూరగాయల మీదికి పాకాయి. స్కూలు వదిలాక ఆమె చిన్న డబ్బాలో ఆ రోజు డ్రెస్సింగ్ తెచ్చేది. అతను క్యారెట్టు ముక్కతో తీసుకొని రుచి చూసి తీర్పు చెప్పేవాడు.

టమాటాను నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, వెల్లుల్లి, మిరియాలతో నూరింది బాగా కుదిరింది. పచ్చిమామిడి తురుము, పుదీనా కలిపింది మొదటిసారి మరీ ఘాటుగా వచ్చి, అతనికి కళ్ళ నీళ్ళు తెప్పించింది. "ఇది తింటే పెద్దాయన మైన్ దాకా పరిగెత్తుతాడు," అన్నాడు. నూలుకోలు ముక్కలకు ఆవాల డ్రెస్సింగే సరి అని ఆమె, కాదు కాల్చిన టమాటానే అని అతను ఒక వారం వాదించుకున్నారు. ఏదైనా తినే ముందే కలపాలనీ, ముందుగా కలిపి ఉంచితే ముక్క మెత్తబడుతుందనీ ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఒకరోజు అతను చిన్న పొట్లం ఇచ్చాడు. నల్లటి పొడి. వేయించిన వాసన గుప్పుమంది.

"వెర్రినువ్వుల పొడి. మా అమ్మ చేసింది. చిటికెడు చల్లితే చాలు."

"ఉప్పు?"

"లేదు. అమ్మ చెయ్యి అలవాటుగా ఉప్పు డబ్బా దగ్గరికి పోతాది మేడమ్. ఆ డబ్బా పట్టుకొని నేను వాకిట్లో నిలబడినాను, పొడి కొట్టేదాకా."

ఎవాంజలిన్ నవ్వింది. అంతలో చినుకులు మొదలయ్యాయి. మామిడి పిందెల కాలంలో వచ్చే తొందర వాన. బజారులో జనం చెట్టుకొకరు పుట్టకొకరు పరిగెత్తారు. ఆమె అంగడి రేకు కిందికి జరిగింది. రేకు మీద చినుకుల మోతకు మాట వినబడడం లేదు. దూరంగా, గని నుంచి తీసి పోసిన బూడిదరంగు దిబ్బ తడిసి నల్లబడుతోంది.

బల్ల మీద రెండు గిన్నెలున్నాయి. ఒకటి అతను మధ్యాహ్నం ఉప్పు చల్లుకొని సగం తిని వదిలేసిన కీరదోస. రెండోది ఆమె తెచ్చింది. అతని గిన్నెలో ముక్కలు వాడిపోయి నీటిలో తేలుతున్నాయి. ఆమె గిన్నెలోవి తరిగినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"ఇదేంది, నాది చెరువైపోయింది?" అన్నాడు.

"ఉప్పు యాడుంటే నీళ్ళు ఆడికి చేరతాయి." ఆమె గొంతు తగ్గించింది. "మా డాడీ కాళ్ళలో కూడా అంతే."

వాన జోరు తగ్గింది. పురుషోత్తమ్ తన గిన్నెలోని నీళ్ళు బయటికి ఒంపేశాడు. ఆ తర్వాత ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"అమ్మ అడిగింది. ఉప్పు లేకుండా ఎవరికి చేయిస్తా ఉండావని."

"ఏం చెప్పినారు?"

"పెరుగుకు వచ్చే టీచరమ్మకని."

"అంతేనా?"

"అంతే చెప్పినాను. అమ్మ మాత్రం అంతే అనుకోలేదు."

ఎవాంజలిన్ డబ్బా మూత పెట్టింది. మూత సరిగా పడలేదు. మళ్ళీ పెట్టింది. "మా డాడీ పళ్ళెం నేను చూసుకోవాల. నాకు పెండ్లి ఆలోచన లేదు. ఎవరడిగినా ఇదే చెప్తా ఉండాను."

"బూదికోట నుంచి పొద్దున పొద్దున్నే పాలు ఈడికి వస్తా ఉండాయి కదా. పెండ్లయినాక మనిషి రాకూడదా?"

"పళ్ళెం పూటకొకసారి నిండాల. పొద్దున వచ్చి పోతే చాలదు."

"ఒకసారి మా ఇల్లు చూడండి. చూసినాక వద్దంటే వద్దు. ఈ ఆదివారం."

ఆమె చాలాసేపు రేకు అంచు నుంచి పడే చుక్కలను చూసింది. చివరికి, "భోజనం చేసి వచ్చేస్తాను," అంది.

*

ఆదివారం నెల్సన్ దగ్గర ఆంథోనీ కూర్చున్నాడు. ఇద్దరూ గనిలో జోడీ. కిందికి దించే కేజ్‌లో దిగినా, రాయి కొట్టినా, పైకి వచ్చినా కలిసే. ఇప్పుడు కలిసి వరండాలో కూర్చుంటారు. ఎవాంజలిన్ పళ్ళెం సిద్ధం చేసి, డ్రెస్సింగ్ వేరే గిన్నెలో మూసి, "తినే ముందు పొయ్యండి ఆంథోనీ అంకుల్," అని చెప్పి వెళ్ళింది.

బూదికోటలో కోట గోడ కింద, మామిడి తోట పక్కన ఆ ఇల్లు. పురుషోత్తమ్ తల్లి పుష్పావతి ఆకు వేసి, మొదట ఉప్పు పెట్టబోయి చెయ్యి ఆపింది.

"మా ఇంట్లో ఆకు పరిస్తే మొదట ఉప్పే పెడతామమ్మా. నీకు పెట్టాలా, వద్దా?"

"పెట్టండమ్మా. నాకు డాక్టరు చెప్పలేదు."

పుష్పావతి గట్టిగా నవ్వింది. ఎవాంజలిన్ చాలా కాలానికి నిదానంగా అన్నం తింది, ఎవరి పళ్ళెం వైపూ చూడకుండా. ఆ సంగతి మజ్జిగ దగ్గర గానీ ఆమెకు తెలియలేదు.

అప్పుడే ఫోను మోగింది. ఆంథోనీ.

"ఎవా, మీ డాడీకి ఊపిరాడటం లేదు. ఆసుపత్రికి పిలుచుకొని వచ్చినాము. నువ్వు రా అమ్మా."

పురుషోత్తమ్ బండి మీద ఆమె వెళ్ళింది.

ఆసుపత్రి వరండాలో ఆంథోనీ గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు.

"తల తిరుగుతా ఉండాది అన్నాడు. ఒళ్ళంతా చెమట. అచ్చం మైన్ లోపల మాదిరే. నేనే కలిపి ఇచ్చినాను, చెంబు నిండా ఉప్పు నీళ్ళు. తగ్గలేదంటే ఇంగొక చెంబు ఇచ్చినాను. మేము అట్ల పడిపోయిన వాళ్ళను ఎంతమందిని లేపినాము... నాకు తెలీదమ్మా."

ఎండకూ, కొత్త మాత్రకూ కళ్ళు తిరిగాయనీ, కాసేపు పడుకోబెట్టి ఉంటే సరిపోయేదనీ డాక్టరు చెప్పాడు. ఉప్పు నీళ్ళతో నీరు ఊపిరితిత్తుల దాకా చేరింది. ఆలస్యం చేయకుండా తెచ్చారు కాబట్టి బతికాడు.

ఎవాంజలిన్ ఆంథోనీ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. ఆ తర్వాత పురుషోత్తమ్ దగ్గరికి వచ్చింది.

"రేపట్నుంచి పెరుగు వేరేవాళ్ళ చేత పంపించండి."

"పెరుగు గురించేనా చెప్తా ఉండారు?"

"రెండూ ఒకటే." ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. అవి ఉంటే అతనికి ఏదైనా చెప్పడానికి వీలుండేది. "ఒక్క ఆదివారం పోయినాను. ఒక్కటే. ఇంగ నన్ను అడగొద్దు."

*

నెల్సన్ ఇంటికి వచ్చాడు. కొంచెం చిక్కాడు. పళ్ళెంలో ఏది పెడితే అది తిన్నాడు. ఉప్పు గిన్నె అడగలేదు. కాల్చిన టమాటా, పచ్చిమామిడి అన్నీ పోయాయి. రోజూ అదే నిమ్మరసం, అదే ఆవాలు. పెరుగు వేరే అంగడి నుంచి వస్తోంది. ఆ తేడా నెల్సన్ నాలుక పట్టుకుంది. కారణం మాత్రం తెలియలేదు.

ఒక ఉదయం ఆమె స్కూలుకు వెళ్ళాక గేటు దగ్గర బండి ఆగింది. వరండాలో నెల్సన్, ఆంథోనీ ఉన్నారు. పురుషోత్తమ్ చిన్న పెరుగు కుండతో మెట్ల కిందే నిలబడ్డాడు.

"నేను పురుషోత్తమ్, అంకుల్. పాల అంగడి. మీరెట్ల ఉండారో చూసిపోదామని."

"నువ్వేనా ఎవా చెప్పిన ఆ పులుపు మనిషివి?" అన్నాడు నెల్సన్. "రా, కూర్చో. నీ పెరుగు ఎందుకు మానేసింది మా ఎవా?"

"నన్ను రావద్దనింది అంకుల్."

"ఏం తప్పు చేసినావు?"

"ఆ ఆదివారం మా ఇంటికి అన్నానికి పిలుచుకొని పోయినాను. మా అమ్మకు చూపిద్దామని."

ఆంథోనీ తల వంచుకున్నాడు.

నెల్సన్ కుర్చీలో ముందుకు వంగాడు. "నాకొక తమ్ముడుండేవాడు. డెరిక్. మైన్‌లో కింద లెవెల్లో ఆ వేడికి గోడ ముట్టుకుంటే చెయ్యి కాలేది. దిగే ముందు అందరమూ ఉప్పు నీళ్ళు తాగాల. ఆ పొద్దు వాడు తాగలేదు. కడుపులో తిప్పుతా ఉండాది, పైకొచ్చి తాగుతాను అన్నాడు. పైకి మేమే ఎత్తుకొని వచ్చినాము." ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "అప్పట్నుంచి నా కండ్ల ముందు ఎవరి పళ్ళెంలో ఉప్పు లేకున్నా నాకు వాడే కనబడతాడు. నా పళ్ళెమైనా సరే. బిడ్డకు ఇదెట్ల చెప్పేది? గిన్నె యాడ పెట్టినావని కొట్లాడతాను. అంతే నాకు తెలుసు."

"ఆమెకు తెలీదా అంకుల్?"

"చిన్నాయన మైన్‌లో పోయినాడని తెలుసు. ఉప్పు సంగతి తెలీదు."

పురుషోత్తమ్ కుండను మెట్టు మీద పెట్టాడు. "పైన, మైన్ బయట, ఉప్పు చేసే పని వేరే ఉండాది అంకుల్. కీరదోస మీద చల్లి చూడండి. నీళ్ళన్నీ లాగేస్తాది. ఎవా టీచరే చూపించింది నాకు. మీ కాళ్ళలో కూడా అంతే అనింది."

నెల్సన్ తన పాదాల వైపు చూసుకున్నాడు.

"అంటే నేను తాగిన ఉప్పు నీళ్ళకు నా బిడ్డ నిన్ను వద్దనింది," అన్నాడు. కుర్చీ చేతులు పట్టుకొని లేచాడు. "ఆ పెరుగు గుడ్డ ఎట్ల కట్టేదో నీకు తెలుసునా?"

"తెలుసు."

"లోపలికి రా. చూపించు. ఒరే ఆంథోనీ, నువ్వు కూడా లెయ్. ఈసారి సరిగ్గా నేర్చుకో."

*

ఆ తర్వాతి ఆదివారం ఎవాంజలిన్ చర్చి నుంచి వచ్చేసరికి గేటు ముందు బండి ఉంది. అడుగు తడబడింది.

వంటింట్లో నీళ్ళ కుండ పక్కన మేకుకు తెల్లటి గుడ్డ వేలాడుతోంది. దాని కింద గిన్నెలో చుక్క చుక్కగా నీరు పడుతోంది. తాను కట్టింది కాదు. ముడి వేరు. గనిలో తాడుకు వేసే గట్టి ముడి. ఆంథోనీ నేల మీద కూర్చొని రోట్లో ఆవాలు నూరుతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అంకుల్, ఏంది ఇది?"

"షిఫ్టులో ఉండాను. మాట్లాడించొద్దు."

బల్ల దగ్గర పుష్పావతి, పురుషోత్తమ్ కూర్చొని ఉన్నారు. నెల్సన్ పెద్ద గిన్నెలో బీన్సు, నూలుకోలు, క్యారెట్టు, కీరదోస తెచ్చి మధ్యలో పెట్టాడు. ముక్కలు లావుపాటివి కొన్ని, సన్నటివి కొన్ని. క్యాథరిన్ పాత ఏప్రన్ ఆయన పొట్ట మీద చాలీచాలకుండా కట్టి ఉంది.

"కూర్చో ఎవా."

ఆమె కూర్చుంది. పురుషోత్తమ్ వైపు చూడకూడదనుకుంది. చూసింది. అతను కూడా అదే క్షణంలో చూసి, తడబడి నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

నెల్సన్ లోపలికి వెళ్ళి ఉప్పు గిన్నె తెచ్చాడు. నీలం అంచున్న తెల్లటి పింగాణీ గిన్నె. పుష్పావతి ముందు పెట్టాడు.

"మీ ఇంట్లో మొదట ఇదే పెడతారని చెప్పినాడు మీ వాడు. మీకు కావాల కదమ్మా."

పుష్పావతి గిన్నె వైపు చూసి, దాన్ని మెల్లగా పక్కకు జరిపింది. "ఈ పొద్దు ఇది మీ ఇంటి ఆకు, అన్నా. మీరెట్ల తింటే నేనూ అట్లనే."

నెల్సన్ ఆ గిన్నెను తిరిగి అందుకున్నాడు. కాసేపు రెండు చేతుల్లో పట్టుకొని, గోడ మీది షెల్ఫ్‌లో క్యాథరిన్ ఫోటో పక్కన పెట్టాడు. వచ్చి కూర్చున్నాడు.

"నేను చెప్పేది అందరూ వినండి. ఎవా, నువ్వు మధ్యలో మాట్లాడొద్దు."

"డాడీ..."

"మాట్లాడొద్దన్నాను. మైన్ లోపల ఒక రూలు ఉండేది. ఎవురి జోడీని వాళ్ళు చూసుకోవాల. నాకు జోడీ ఆంథోనీ. నా బిడ్డ కాదు. రేపట్నుంచి ఈ ఇంట్లో డ్రెస్సింగ్ నా షిఫ్టు. గుడ్డ నేను కడతాను. ఆవాలు వీడు నూరతాడు. కండ్లు తిరిగితే పడుకోబెట్టి డాక్టరుకు ఫోను చేస్తాడు, చెంబు ఎత్తడు. ఏరా?"

"ఎత్తను," అన్నాడు ఆంథోనీ వంటింట్లోంచి.

"పెరుగు బూదికోట నుంచే వస్తాది. పులిసిందే. దాన్ని తెచ్చేవానికి నా బిడ్డను ఇస్తా ఉండాను, బిడ్డ ఒప్పుకుంటే." గొంతు సవరించుకున్నాడు. "మాది చర్చి ఇల్లు. మీది వేరే. నేనూ ఈ అమ్మా పొద్దున్నుంచి అదే మాట్లాడినాము. ఎవురి దేవుణ్ణి వాళ్ళు ఉంచుకోవచ్చు. పెండ్లి రిజిస్టర్ ఆఫీసులో. అన్నం ఈ బల్ల మీద."

పుష్పావతి తల ఊపింది. "నేను అడిగింది ఒకటే. పిల్ల మా ఇంట్లో ఆ పొద్దు తిన్నట్టు నిదానంగా తినాల."

ఎదురుగా ఉన్న మనిషి గ్లాసు కింద పెట్టాడు.

"పులుపు ఎంత కావాలో రోజూ చెప్పాల మరి," అన్నాడు పురుషోత్తమ్.

"చెప్తాను," అంది. ఆ తర్వాత ఇంకొంచెం మెల్లగా, "నువ్వు కూడా చెప్పాల," అంది. మొదటిసారి నువ్వు అన్నందుకు ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

నెల్సన్ గిన్నె ఎత్తి డ్రెస్సింగ్ మొదట కూతురి పళ్ళెంలో పోశాడు. ఎక్కువ పోశాడు. ఎవాంజలిన్ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. ఆవాలు ఘాటు, నిమ్మరసం రెండింతలు, పెరుగు మరీ పులుపు.

"ఎట్ల ఉండాది?" అని అడిగాడు తండ్రి.

ఆమె తల వంచుకొని, ఒక్క ముక్క మిగల్చకుండా, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తింది.